పంటు మీద పట్టు

ఏరు దాటించే పంటు రేవుకి ఆనింది. బళ్ళు దిగాయి, గేదెలు దిగాయి, గేదెల్ని తోసుకుంటూ జనం దిగారు.

విజయ్ పాల్ ఒక్కడే దిగలేదు. అతని కుడిచెయ్యి పంటు అంచు కమ్మీని వదల్లేదు.

అది బ్యాటరీ చెయ్యి. మోచేతి కింది మొండిలో కండరం కదిలితే దాని వేళ్ళు కదులుతాయి. "లేని చేతిని ఉందనుకుని తెరవండి అంకుల్, ఇది తెరుచుకుంటుంది" అని చెయ్యి అమర్చిన క్యాంపులో నేర్పారు. ఇంట్లో బాగానే తెరుచుకుంది. గ్లాసు పట్టింది, గరిట పట్టింది, పెళ్ళాం కొంగు కూడా పట్టింది. ఏటి మీదకొచ్చాకే మొండికేసింది. మొండిచెయ్యి కదా మరి!

"ఏంటండీ, ఇందాకా దిగలేదు, ఇప్పుడూ దిగట్లేదు. పంటు గానీ కొనేశారా?" అన్నాడు పంటు నడిపే కొత్త సరంగు.

"చెయ్యి రావట్లేదయ్యా."

"ఊడదీసి ఇక్కడుంచి వెళ్ళండి. నేను చూస్తుంటా."

"చెయ్యి వదిలేసి చేతులూపుకుంటూ వెళ్ళమంటావా? ఐసు ఫ్యాక్టరీ రాజుగారు చూస్తానన్నది నా మొహాన్ని కాదు, ఈ చేతిని. దీంతో ట్రే ఎత్తి చూపిస్తేనే పని. ఆయన భోజనానికి లేచేలోపు వెళ్ళాలి."

"అయితే స్పానరెట్టి వేళ్ళు లేపేస్తానండి."

"విరిగితే మళ్ళీ మొలుస్తుందేంటయ్యా? ఒకసారి చూశాంగా!"

సరంగు నవ్వాడు. విజయ్ పాల్‌కి నవ్వు రాలేదు. ట్రిప్పు ట్రిప్పుకీ ఒడ్డు దగ్గరికొస్తోంది, దూరమైపోతోంది. తను మాత్రం గోదారికి కట్టేసిన గొడ్డులా ఇక్కడే.

పంటు నడిమధ్యలో నిలబడి ఒకావిడ ఇదంతా చూస్తోంది. భుజాన లేసు అల్లికల సంచి, కుడిచేతికి చుట్టుకున్న కొంగు. పొద్దుట్నించీ ఆవిడా దిగలేదు.

అతనికి ఒళ్ళు మండింది.

"మీకేం బిగుసుకుందండీ? దిగరేం?"

"అంచు దగ్గరికి రావాలంటే భయమండి."

"మరి ఎందుకెక్కారు, తమాషా చూడ్డానికా?"

ఆవిడ తల దించుకుంది. "ఆ లేని చెయ్యి లోపల ఎలా ఉందండి?" అంది.

ఈ ప్రశ్న డాక్టర్లు కూడా అడగలేదు.

"పిడికిలి బిగించి ఉందండి. గోళ్ళు దిగిపోయేలా."

"ఏం పట్టుకుంది?"

పోయినేడు తుఫాను గాలిలో, ఇదే రేవులో, పంటుకీ గట్టుకీ మధ్య ఎవరో పడ్డారు. వానలో మొహం కనబడలేదు. బోర్లా పడుకుని, అందిన చెయ్యి పట్టుకున్నాడు. పంటు ఊగి వచ్చి ఆ చేతిని గట్టుకేసి గుద్దింది. కళ్ళు తెరిస్తే ఆస్పత్రి. ఆ మనిషి బతికిందని ఒకరన్నారు, ఏట్లో పోయిందని ఇంకొకరన్నారు. తర్వాత పంటెక్కడం ఇదే మొదలు.

"నేనే వదిలేసుంటానండి" అన్నాడు.

"లేదండి. పైకి లాగేదాకా వదల్లేదు. మనిషి గట్టెక్కింది, మీ చెయ్యే వెనకబడిపోయింది."

"మీరు చూశారా?"

"ఆవేళ ఈ రేవులోనే ఉన్నానండి. ఆ మనిషి బాగానే ఉంది. ఇంక వదిలెయ్యండి బాబూ."

అతను కళ్ళు మూసుకున్నాడు. లేని పిడికిట్లో లేని చిటికెనవేలు మెల్లగా లేచింది. దాని వెనకే ఉంగరం వేలు.

చేతిలోని మోటారు జుయ్‌మంది. కమ్మీ విడిపోయింది.

"ఏసయ్యా!" అని గంతేశాడు విజయ్ పాల్. సరంగు ఈల వేశాడు.

"మీరూ దిగండమ్మా, పంటేం మీ అత్తారిల్లు కాదు!" అని ఆవిడ మీదో జోకు విసిరి, గట్టు మీదకి ఒక్క దూకు దూకాడు.

వెనకే పంటు కదిలింది. పేరైనా అడగలేదని గుర్తొచ్చి వెనక్కి తిరిగాడు.

ఆవిడ అడుగులో అడుగేసుకుంటూ అంచుకొచ్చి, అతని చెయ్యి వదిలిన చోటే కమ్మీ పట్టుకుంది.

గాలికి కొంగు తొలిగిన ఆ మణికట్టు మీద, గోళ్ళు దిగిన మచ్చలు నాలుగు, వరసగా, అతని కుడిచేతివి.