జెస్సీ ఇంటి బోరునీళ్ళు

“ఇవాళ కూడా కారు మల్లేశ్వరంలోనే ఆగిందా?” తలుపు తీస్తూనే అడిగింది వరూధిని.

“సర్కిల్ దాటగానే ఇంజను వేడి చూపించే ముల్లు మళ్ళీ ఎర్ర గీత ఎక్కేసింది,” అన్నాడు అభిజిత్ బూట్లు విప్పుకుంటూ. “జెస్సీ వాళ్ళ గేటు ముందు ఆపాను. అంత వేడిలో రేడియేటర్ మూత తీస్తే మొహం కాలిపోతుంది కదా, చల్లారేదాకా లోపల కూర్చోమంది. తర్వాత బకెట్‌తో నీళ్ళు తనే మోసుకొచ్చింది, పాపం.”

ఆ ‘పాపం’ దగ్గర వరూధినికి ఒళ్ళు మండిపోయింది. వారంలో ఇది నాలుగోసారి. శివాజీనగర్‌లో ఆఫీసు, రాజాజీనగర్‌లో ఇల్లు. మధ్యలో ఇన్ని సందులు, ఇన్ని గేట్లు ఉండగా, ఈ కారు ఈయనగారితో పనిచేసే జెస్సీ గేటు ముందుకొచ్చే మరగాలా? పైగా మనిషికి ఆకలి కూడా ఉండదు. ఖాళీగా కూర్చోవడం ఎందుకని కాఫీ ఇచ్చిందట, కట్‌లెట్లు పెట్టిందట. ఇక్కడ ఆరింటికి చేసిన ఉప్మా గిన్నెలో గడ్డకట్టుకుపోయింది. దాన్ని చూస్తే ఏడుపొచ్చింది వరూధినికి.

సరే, తప్పు కారుదే అయితే బాగుచేయిస్తే సరిపోతుంది. మొగుడిదైతే, కారు బాగయ్యాక అదీ బయటపడుతుంది. శనివారం పొద్దున్నే, అభిజిత్ ముసుగు తన్ని పడుకుని ఉండగానే, తాళాలు తీసుకుని పీణ్య బయలుదేరింది. పక్కింటి అక్కయమ్మ తమ్ముడు అంజినప్పకి అక్కడ కార్ల షెడ్డు ఉంది.

అంజినప్ప ఇంజను చల్లారేదాకా ఆగి, రేడియేటర్ మూత తీసి లోపల వేలు పెట్టాడు. వేలంతా తెల్లగా అయింది.

“ఏం నీళ్ళు పోస్తా ఉండారమ్మా దీనికి?”

“మా ఆయన ఆఫీసులో ఒకావిడ ఉందిలెండి. వాళ్ళింటి నీళ్ళు.”

“బోరు నీళ్ళు. సున్నం చూడు ఎంత ఉండాదో. రేడియేటర్లో సన్న గొట్టాలు ఉంటాయమ్మా. ఇంజను వేడి తీసుకోని నీళ్ళు వాటిలోకి వస్తాయి, గాలికి చల్లారి మళ్ళా ఇంజన్లోకి పోతాయి. ఆ గొట్టాలు సున్నంతో పూడిపోతే ఇంక వేడి యాడికి పోతాది?”

“అంటే ఆవిడ నీళ్ళు పోసేకొద్దీ కారు ఇంకా వేడెక్కుతుందన్నమాట.”

“అంతే కదమ్మా. ఆ నీళ్ళు పోసేది నిలపకుంటే ఈ బండి దినామూ ఆడికే పోయి నిలుస్తాది.”

వరూధినికి ప్రాణం లేచొచ్చింది. అనుకుంటూనే ఉంది తను, ఆ మహాతల్లి బకెట్‌లోనే ఏదో ఉందని. ఇక కదల్లేదు. షెడ్డులో ఇనప స్టూలు మీద సాయంత్రం దాకా కూర్చుంది. రేడియేటర్ విప్పించి, గొట్టాల్లో సన్న రాడ్డు పెట్టి సున్నమంతా తోమించింది. మెత్తబడ్డ రబ్బరు పైపులు మార్పించింది. మామూలు నీళ్ళు వద్దంటే వద్దని, డిస్టిల్డ్ వాటర్‌లో కలిపిన కూలెంటే పోయించింది. ముల్లు పైకెళ్ళేటట్టుంటే ఏం చెయ్యాలని అడిగితే, హీటరు ఫుల్లుగా పెట్టి అద్దాలు దింపమన్నాడు అంజినప్ప. హీటరు ఇంజను వేడిని కారు లోపలికి లాగేస్తుందట. ఇల్లు చేరేదాకా ఉడుకుతూ కూర్చోవాలి, అంతే. ఈ సంగతి మాత్రం వరూధిని రెండుసార్లు చెప్పించుకుంది. మొగుడు ఉడికితే ఉడికాడు, ఇంట్లో పడితే చాలు.

ఆదివారం అభిజిత్‌ని బానెట్ ముందు నిలబెట్టి పాఠం మొదలుపెట్టింది. ఇది ఫ్యాను, ఇది పైపు, ఇది కూలెంటు డబ్బా, ఇంజను చల్లగా ఉన్నప్పుడే మట్టం చూడాలి. అతను బుద్ధిగా తలూపాడు. నిజం చెప్పొద్దూ, ఇన్నేళ్ళ కాపురంలో ఆమె మాట అతనంత శ్రద్ధగా వినడం అదే మొదలు. చివర్లో పరీక్ష కూడా పెట్టింది.

“ముల్లు పైకెళ్తే?”

“హీటరు పెట్టి, అద్దాలు దింపాలి.”

“ఎవరి గేటు ముందైనా?”

“ఆపకూడదు.”

“డిక్కీలో రెండు సీసాల కూలెంటు పెట్టాను. ఇకమీదట ఎవరింటి నీళ్ళూ చుక్క కూడా ఈ కారులో పడటానికి వీల్లేదు.”

సోమవారం ఆరున్నరకల్లా అభిజిత్ ఇంట్లో ఉన్నాడు. మంగళ, బుధ, గురువారాలూ అంతే. వరూధిని రోజూ ఏదో ఒకటి వేడివేడిగా చేసి పెట్టింది. బకెట్ పట్టుకుని గేటు దగ్గర ఎదురుచూస్తున్న జెస్సీని ఊహించుకుంటే ఆమెకి హాయిగా నిద్రపట్టింది. కారు గురించి ఏమడిగినా చెబుతానని అక్కయమ్మ దగ్గర గొప్పలు కూడా పోయింది.

శుక్రవారం ఆరున్నర అయింది, రాలేదు. ఏడయింది. ఏడున్నర దాటాక గేటు చప్పుడైంది. అభిజిత్ చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి ఉన్నాయి. వేళ్ళకి గ్రీజు. మొహం మాత్రం వెలిగిపోతోంది.

“కారు ఆగిందా?” గుమ్మంలోనే అడిగింది వరూధిని.

“మన కారా? ఛ, నువ్వు బాగుచేయించాక ముల్లు సగం కూడా దాటట్లేదు.”

“మరి?”

“జెస్సీ నిన్న సెకండ్‌హ్యాండ్ కారు కొంది వరూ, అది మనదానికంటే ఘోరంగా వేడెక్కుతోంది. నువ్వు నాకు నేర్పిందంతా బానెట్ తీసి మరీ చెప్పాను. ఒక్క రోజులో బుర్రకెక్కదట, రోజూ సాయంత్రం వచ్చి కొంచెం కొంచెం చెప్పమంది.”