కొత్తిమీర మొలిచేదాకా

"మొలిచాయా?" మంచం మీంచి నాన్న అడిగాడు.

"ఇంకా లేదు నాన్నా."

"అయితే ఆసుపత్రీ లేదు."

ఇదీ ఒప్పందం. గుండెకు ఆపరేషన్ చేయకపోతే ఈ వేసవి గడవడం కష్టమని డాక్టరు తేల్చి చెప్పిన రోజున, ఆయన వంటింటి అలమరలోంచి ధనియాల డబ్బా దించి రాజశాసనం వెలువరించాడు.

"మీ అమ్మ పోయేముందు తన చేత్తో నింపిన డబ్బా ఇది. ఇవి మొలిస్తే నన్ను ఉండమన్నట్టు. అప్పుడు మీ డాక్టర్ని ఎక్కడ కావాలంటే అక్కడ కోసుకోమను. మొలవలేదా, ఇక నా జోలికి రాకండి."

అని, స్వహస్తాలతో మేడమీది కుండీలో చల్లి, ఆయాసపడుతూ దిగివచ్చి మంచమెక్కాడు.

మేడమీద అప్పటికే సూర్యుడి ఏకచ్ఛత్రాధిపత్యం మొదలైంది. టమాటా తన పూతంతా రాల్చి కప్పం చెల్లించుకుంది. పుదీన నీళ్ళ ట్యాంకు చాటున తలదాచుకుంది. బెండ ఒక్కటే ప్రభువుతో సంధి కుదుర్చుకుని నిటారుగా నిలబడింది. ఇక కొత్తిమీర చలికాలపు సుకుమారి. ఈ సెగలో దాన్ని మొలవమని అడగడమే రాజద్రోహం.

కూతురు ఆ ద్రోహానికి సిద్ధపడింది. అమ్మ నూలుచీర పందిరిగా కట్టింది. తడి గోనెపట్టా కప్పింది. పొద్దునా సాయంత్రం నీళ్ళు చిలకరించింది. మట్టి మట్టిలాగే ఉంది.

డాక్టరు ఫోన్ చేశాడు. "ఇంకెప్పుడు తీసుకొస్తావమ్మా?"

"కొత్తిమీర మొలవగానే, సార్."

ఈ జబ్బుకు వైద్యశాస్త్రం ఇంకా పేరు పెట్టినట్టు లేదు.

ఆ సాయంత్రం మంచినీళ్ళ గ్లాసు ఎత్తబోయి నాన్న రొప్పాడు. కూతురి సత్యసంధత అక్కడితో సరి. విత్తనాల దుకాణానికి పరుగెత్తింది.

"ఎండల్లో కొత్తిమీరా!" దుకాణదారు నవ్వాడు. "సరదాగానా అమ్మా?"

"మొలవకపోతే మా నాన్న దక్కడండీ."

నవ్వు ఆగిపోయింది. "నలిపి బద్దలు చేసి నానబెట్టు. నీడ తప్పనివ్వకు," అంటూ పొట్లం కట్టాడు.

నాన్న కునుకు తీస్తుండగా, దొంగలా మెట్లెక్కి, అదే కుండీలో కొత్త విత్తనాలు వేసింది. వడగాలికి అవి మట్టిలోనే ఉడికిపోయాయి. మళ్ళీ వేసింది. ఈసారి కుండీని మెట్ల గది నీడలోకి ఈడ్చి, పక్కనే చతికిలబడింది.

"మొలవ్వే తల్లీ, నీ కాళ్ళు పట్టుకుంటా," అని కాళ్ళులేని గింజను బతిమాలింది. ఏడ్చింది. తిట్టింది. మళ్ళీ తడిపింది.

చివరికి ఒక ఉదయం మట్టి పగిలి, ఆకుపచ్చని చుక్కలు తేలాయి. కుండీని చంకనెత్తుకుని, విజయధ్వజం మోసే సేనానిలా దిగివచ్చి మంచం పక్కన దించింది.

"చూడు నాన్నా! అమ్మ నిన్ను ఉండమంది!"

ఆయన కళ్ళజోడు పెట్టుకుని మొలకల్ని చూశాడు. తర్వాత ఎండకు కమిలిన ఆమె మొహాన్ని అంతకన్నా ఎక్కువసేపు చూశాడు.

"సరే, ఆటోను పిలువు."

దారంతా ఆమె తన చాకచక్యానికి లోలోపల పట్టాభిషేకం చేసుకుంటూనే ఉంది. ఆసుపత్రి గేటు దగ్గర దిగుతూ నాన్న ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"ఆ డబ్బాలోవి మీ అమ్మ నా ఎదుటే వేయించిన ధనియాలు, అమ్మలూ."