తొమ్మిది చోట్లు

"ఎంతకమ్మావురా నా సోట్లు?"

కన్నబాబు అరుపుకి ఫిషింగ్ హార్బర్ గేటు ఎదురుగా ఉన్న ఆ చిన్న దుకాణంలో గాజు బీరువా అదిరింది. ఉదయ్‌కుమార్ విప్పదీసిన సెల్‌ఫోన్ పక్కన పెట్టి లేచాడు.

"ఏటయ్యింది బావా?"

"బావా గీవా అనకు. ఇదేటో సెప్పు."

డీజిల్ మరకల కాగితం ఒకటి బల్ల మీద పడింది. దాని మీద తొమ్మిది వరసల అంకెలు. ఒక్కో వరస సముద్రంలో ఒక్కో చోటు. అడుగున రాళ్ళుండి, వాటి చుట్టూ చేపలు గుంపుకట్టే చోటు. కొన్ని కన్నబాబు తండ్రి యారాడ కొండని గుర్తుగా పెట్టుకుని వెతికి పట్టినవి. మిగిలినవి బోటు డ్రైవరుగా కన్నబాబు ఇరవై ఏళ్ళు తిరిగి పట్టినవి. తండ్రి ఆ చోట్లని సొంత తమ్ముడికి కూడా చెప్పకుండానే పోయాడు.

ఎనిమిది వరసల మీద పెన్సిల్‌తో ఇంటూ గుర్తులున్నాయి. తొమ్మిదోదాని చుట్టూ సున్నా ఉంది.

"పొద్దున్న స్పానర్ కోసం కామరాజు బోటెక్కితే కేబిన్లో దొరికింది. అంకెల మధ్యలో ఈ తెల్లగీత సూడు. పిన్ను ఇరిగిన ప్రింటరు ఈ హార్బర్‌లో నీదొక్కటే."

ఉదయ్ కాదనలేదు. కన్నబాబు వెనకే వచ్చిన అతని భార్య గౌరీశ్వరి చేపల తట్ట గుమ్మంలో దించి, అక్కడే నిలబడిపోయింది.

పాత జీపీఎస్‌లో ఉప్పునీళ్ళు దూరి సగం చోట్లు పోయాక, మిగిలినవాటిని కంప్యూటర్లో దాచమని ఏడాది కిందట ఈ దుకాణానికి వచ్చింది కన్నబాబే. కంపెనీవాళ్ళ ప్రోగ్రాం సులువు, రంగుల మ్యాపు కూడా వస్తుంది. కానీ బోటు పేరు, ఫోన్ నంబరు ఇచ్చి చోట్లన్నీ నెట్ మీద వాళ్ళకి పంపాలి. "ఇంకోటుంది బావా. ఊరికే వస్తాది. లోపల ఎలా చేశారో ఎవరైనా చూడొచ్చు, మార్చుకోవచ్చు. దానికైతే నేను తాళం కట్టగలను" అన్నాడు ఉదయ్.

కట్టాడు. కన్నబాబుకి అంకెలే తప్ప అక్షరాలు రావు కాబట్టి తాళం తీసే మాటని గౌరీశ్వరి కీబోర్డు మీద కొట్టింది. ఆమె కొడుతున్నంతసేపూ ఉదయ్ గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

"ఊరికే వచ్చింది, అందరికీ తెరిసుంటాది అన్నప్పుడే నాకు బుద్ధుండాల!" అన్నాడు కన్నబాబు.

"తెరిచి ఉన్నది ప్రోగ్రాం చేసిన తీరు బావా, నీ చోట్లు కాదు. బోటెలా కడతారో జాలారిపేటంతటికీ తెలుసు. అలాగని నీ బోటులో ఏటుందో తెలుస్తాదా?"

"మరి కామరాజుకెలా తెలిసింది? పైన తేదీ సూడు. పద్నాలుగు, ఎనిమిది, రెండు వేల ఆరు. ఆ రోజు నానెక్కడున్నాను?"

ఉదయ్ తేదీ చూసి తలూపాడు.

"తొమ్మిదో సోట! ఇంజిను సచ్చి, బేటరీ సచ్చి, మూడు రోజులు లంగరు మీద ఊగినాం ఐదుగురం. అక్కడ మేం నీళ్ళు లేక నాలుకలు పిడసకట్టి పడుంటే, ఇక్కడ నువ్వు నా సోట్లు అచ్చు తీసి అమ్ముకున్నావు!"

"మిమ్మల్ని ఒడ్డుకి లాక్కొచ్చింది కామరాజన్నే కదా."

"గంగమ్మ తల్లి తోలిందనుకున్నాను. కోడిని కోసాను. వాడి కాళ్ళ మీద పడ్డాను! వాడొచ్చింది నా సేపల కోసం. బోటులోకి ఐసు కూడా ఎత్తకుండా పరిగెత్తాడంట, హార్బరంతా నవ్వుకున్నారు. అంత ఆత్రం! ఎనిమిదీ ఊడ్సేసి తొమ్మిదోదానికొచ్చేసరికి నాను కనబడ్డాను. సిగ్గుకి తాడేసి లాగాడు."

"ఆ మాట కామరాజన్ననే అడగొచ్చు కదా."

"ప్రాణం పోసినోణ్ణి ఏటని అడగను? అమ్మినోణ్ణి అడుగుతన్నాను. తాళం ఎవుడు తీసాడు?"

"మాట తెలిసినవాళ్ళే తీసారు."

"కంప్యూటరు నీది. నీకు తెలీని మాటేటి?"

"ఆ మాట నాకు తెలీదు. తీసిందెవరో తెలుసు. చెప్పను." ఉదయ్ గొంతు మొదటిసారి లేచింది. "నీ చోట్లు ఎవరికీ చెప్పనని మాటిచ్చాను, చెప్పలేదు. ఇదీ అంతే. దాచుకునే హక్కు నీ ఒక్కడికేనా?"

"అయితే ఇను. సాయంత్రం సంఘంలో పెడతాను. రేపట్నించి ఒక్క బోటోడు నీ గుమ్మం తొక్కితే నా పేరు కన్నబాబు కాదు."

"పెట్టుకో."

హార్బర్‌వాళ్ళు రాకపోతే దుకాణం మూతే. ఆ సంగతి తెలిసే ఉదయ్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

ఆ నిబ్బరం చూసి కన్నబాబుకి ఒళ్ళు మండింది. మానిటర్‌ని రెండు చేతులా పైకెత్తాడు. వెనక వైర్లు ఫట్‌మని ఊడాయి.

"దించు మావా. నానే తీయించాను" అంది గుమ్మంలోంచి గౌరీశ్వరి.

మానిటర్ గాల్లోనే ఆగింది.

"ఏటి?"

"తాళం మాట నానే కొట్టాను. కాయితం కామరాజన్న సేతిలో నానే పెట్టాను. నీకు తెలిస్తే సంపుతావని, సెప్పొద్దని ఇద్దరి సేతా ఒట్టేయించుకున్నాను."

కన్నబాబు మానిటర్‌ని బల్ల మీద పడేశాడు.

"మా అయ్య సొంత తమ్ముడికి సెప్పని సోట్లే అవి! పరాయోడి సేతిలో పెట్టావా? ఎందుకే?"

గౌరీశ్వరి కాగితం అందుకుని మడతల్ని అరచేత్తో సాపు చేసింది. ఇంటూ గుర్తుల మీద ఒక్కొక్కటిగా వేలు పెట్టుకుంటూ వచ్చి, సున్నా దగ్గర ఆగింది.

"ఈ ఎనిమిది సోట్లలోనూ నువ్వు లేవు మావా."