రెండో తాళం

మా పాత హైబ్రిడ్ కారుకు రెండు నెలల్లో మూడు బ్యాటరీలు మార్చాం. అయినా తెల్లారేసరికి చచ్చి ఉంటోంది. ఆరింటికి అమ్మను డయాలసిస్‌కు తీసుకెళ్లాలి. మా వైపు ఆ వేళకు వేరే బండి దొరకదు.

"దీనికి రాత్రుళ్లు నిద్ర పట్టట్లేదు బాబాయ్. ఎవరు లేపుతున్నారో కూర్చుని చూడండి" అని మెకానిక్ బ్యాటరీకి, కరెంటు ఎంత లాగుతోందో చూపే మీటరు తగిలించి వెళ్లాడు.

దణ్ణం పెట్టుకుని షెడ్డులో కూర్చున్నాను. మీటరులో అంకె సున్నా దాకా దిగింది. రాత్రి రెండు గంటలప్పుడు ఉన్నట్టుండి పెరిగింది. డ్రైవరు తలుపు పక్కన చిన్న దీపం వెలిగింది. అక్కడ ఎవరూ లేరు. మెకానిక్‌కు ఫోన్ చేశాను.

"తాళం జేబులో పెట్టుకుని దగ్గరికొస్తే చాలు, తలుపు గుర్తుపట్టి అలా వెలుగుతుంది. మీ జేబులో ఉందేమో."

"మేడ మీద పెట్టొచ్చానయ్యా."

"మరి రెండోది?"

"పడవ మునిగిన రోజు తమ్ముడి జేబులో ఉంది. వాడే దొరకలేదు."

"బ్యాటరీ వైరు ఊడదీసెయ్యండి బాబాయ్. పొద్దున అమ్మగారికి బండి కావాలి కదా" అన్నాడు మెల్లగా.

స్పానర్ అందుకున్నాను. వైరు తీస్తే ఆ తలుపు ఇక వాణ్ణి గుర్తుపట్టదు. వాణ్ణి తిరిగి పంపమని రోజూ దేవుణ్ణి అడిగింది నేనే కదా. చెయ్యి కదల్లేదు.

బ్యాటరీ దిగిపోతూ దీపం మసకబారుతోంది.