కొండ అంచున తాడు

చీకటి పడ్డాక పార్కు గేటు మూయడానికి వెళ్తున్న కాపలాదారుకి, సముద్రం వైపున్న కొండ అంచు కింద నుంచి కేక వినిపించింది. చూడవచ్చినవాడెవడో జారి, కింద రాతిగట్టు మీద చిక్కుకుపోయాడు.

"భయపడకు తమ్ముడూ, తాడు వేస్తున్నా. నడుముకి గట్టిగా కట్టుకో!"

కాసేపటికి తాడు బిగిసింది. కాపలాదారు బండకి కాళ్లు తన్నిపెట్టి, అరచేతులు మండుతున్నా ఆపకుండా లాగాడు. బరువు సగం పైకి వచ్చింది.

అప్పుడు, చాలా కింద నుంచి, అదే గొంతు ఏడుస్తూ పలికింది.

"అన్నా, తాడు ఇంకా నాకు అందలేదు. ఇంకాస్త వదులు."

కాపలాదారు లాగడం ఆపాడు. తాడు వదిలేద్దామంటే కిందవాడికి ఇంకో దిక్కు లేదు.

"మరి దీన్ని పట్టుకున్నదెవరు?" అని అరిచాడు.

చేతుల్లో బరువు ఒక్కసారిగా తేలికయింది. అంచుకి అవతల, చేతికందేంత దగ్గరలో, ఎవరో ఆయాసంగా ఊపిరి పీల్చుకున్నారు.