తెల్లనారు

"ఒక్క నారుపెట్టె కూడా పచ్చబడలేదా?" అన్నాడు తోకుజో.

"తెల్లకాగితంలా ఉంటేనూ," అన్నాడు గెన్సుకే, నారుపాకలో వంగి చూస్తూ. ఊరి వరి సంఘానికి పెద్ద అతనే. ఊరందరి నారూ పోసేది తోకుజో ఇంట్లోనే. "మొలకల మీద కప్పిన పట్టా ఎవరు తీశారు?"

"నేనే. పొద్దుగూకాకే తీశాను, ఎప్పుడూ తీసేట్టే. అంతకుముందే ఎవరో ఎండలో తీసుంటారు. ఏం మిసావో?"

కోడలు తల వంచుకుంది. "తీశాను మామయ్యా. ముందురోజు మధ్యాహ్నం నీళ్ళు పెడదామని తీసి, కప్పడం ఆలస్యం చేశాను."

తోకుజో మండిపడ్డాడు. "చీకట్లో ఉన్నన్నాళ్ళూ మొలక గింజలో దాచుకున్నది తిని బతుకుతుంది. అది అయిపోయేలోగా పచ్చబడి, తన తిండి తనే చేసుకోవాలి. నెమ్మదిగా వెలుతురు చూపిస్తేనే ఆ పచ్చదనం వచ్చేది. లేత మొలక్కి ఒక్కసారిగా ఎండ కొట్టిందా, ఇక అంతే. చిలక్కి చెప్పినట్టు చెప్పానే! నీకు కళ్ళు కనపడవా?"

"తప్పయిపోయింది మామయ్యా."

గెన్సుకే లేచి నిలబడ్డాడు. "పక్కూరి వాళ్ళ కాళ్ళు పట్టుకునైనా నారు తెచ్చుకోవాలి. ఇది తోకుజో చేసిన తప్పయితే నారుపాక వేరే ఇంటికి మార్చేసేవాళ్ళం. పెద్దాయన మీద మాకు నమ్మకం పోలేదు. మిసావో, నువ్వు మాత్రం ఇకమీదట ఇందులో అడుగు పెట్టకు."

మిసావోకి ఏడుపు తన్నుకొచ్చింది. మొగుడు పోయాక ఆమెకి కాస్త ఊపిరాడేది ఈ పాకలోనే. ఎన్నేళ్ళు బతిమాలితేనో ఈ వసంతంలో నీళ్ళగొట్టం ఆమె చేతికిచ్చాడు మామయ్య. మొలకలు లేచిన రోజు చిన్నపిల్లలా సంబరపడింది. అయినా నీళ్ళగొట్టం చుట్టి మామయ్య పక్కన పెట్టేసింది. నిరుడు కారు నడపడం మానేసి తాళాలు ఇచ్చేశాక ముసలాయనకి మాత్రం ఈ నారు తప్ప ఏం మిగిలింది కనక?

గెన్సుకే బయట బూట్లు తొడుక్కుంటుంటే వెనకే వెళ్ళింది.

"వచ్చే ఏడు మామయ్య పక్కన మీ తమ్ముణ్ణి ఉంచండి."

"అంత పనిమంతుడికి తోడెందుకు?"

"ఒక్కరే ఉంటే దిగులు పెట్టుకుంటారు."

"చేసేదంతా చేసి, పైగా జాలొకటి," అని విదిలించుకుని వెళ్ళిపోయాడు గెన్సుకే.

ఆమె అక్కడే నిలబడిపోయింది. పట్టా తీసిన రోజు తను సకాతా సంతకి వెళ్ళింది. బస్సు దిగి ఇంటికొచ్చేసరికి పట్టా చుట్టి ఓ మూల పెట్టి ఉంది. మామయ్య గుమ్మంలో కూర్చుని ఉన్నాడు.

"బాగా చీకటి పడ్డాక వచ్చావేం? ఆకలేస్తోంది," అన్నాడు.

అప్పుడు మిట్టమధ్యాహ్నం.