మాటలు తీసేసిన పాటలు

పన్నెండు పాటల్లో ఏడు కొట్టేయాలి.

అదే ఆమెకి తెగడం లేదు.

ఇంట్లో వాయిస్తే పక్కవాటావాళ్లు గోడ బాదుతున్నారని, గిటార్లు బాగుచేసే షాపాయన తన దుకాణంలో ఒక మూల చూపించాడు. అక్కడే ముందు నోట్‌బుక్కు, ఒళ్లో గిటారు పెట్టుకుని కూర్చుంది.

పదిహేనేళ్లు పాడి బతికిన మనిషి. గొంతుకి ఆపరేషన్ అయ్యాక, మాట్లాడొచ్చు గానీ ఇక పాడకూడదని డాక్టరు తేల్చి చెప్పేశాడు.

శనివారం హోటల్లో పరీక్ష.

"ఐదు పాటలు చాలు. పాడకూడదు, కానీ భోంచేసేవాళ్లు వింటూనే గుర్తుపట్టాలి," అన్నాడు మేనేజరు.

నచ్చితే ఉద్యోగం. లేదంటే ఈ గిటారు ఇదే షాపులో అమ్మేస్తానని అప్పుడే మాటిచ్చేసింది.

మొదటి పాట అందుకుంది.

"అది వద్దమ్మా."

తలెత్తి చూసింది. కిటికీ పక్క కుర్చీలో ఎవరో ముసలాయన. మనవరాలి గిటారుకి కొత్త తీగలు వేయించడానికి వచ్చాడట.

ఆమెకి ఒళ్లు మండింది. "ఎందుకొద్దు?"

"ట్యూను ఉన్నచోటే నిలబడింది. నడిచేవన్నీ మాటలే. అవి తీసేస్తే తలుపు కొట్టినట్టుంటుంది."

మళ్లీ వాయించి చూసింది. ఒకే తీగ మీద ఒకే స్వరం, తొమ్మిది సార్లు. నోట్‌బుక్కులో ఆ పాట కొట్టేసింది.

రెండోది.

"ఇదీ వద్దు. చివర్లో గొంతు సాగదీసి నిలబెట్టాలి. గిటారు అంతసేపు నిలబెట్టలేదు."

"మీకు గిటారు వచ్చా తాతగారూ?"

"రాదమ్మా."

"పాడతారా?"

"నేను నోరెత్తితే ఇంట్లోవాళ్లు లేచి వెళ్లిపోతారు."

"మరేం వచ్చు?"

"వినడం వచ్చు."

షాపాయన కిసుక్కున నవ్వాడు.

మూడో పాట మొదలుపెట్టింది. అయ్యేదాకా ముసలాయన కళ్లు మూసుకుని ఉన్నాడు.

"ఇది ఉంచు. ట్యూనే ఏదో అడుగుతుంది, జవాబూ అదే చెప్పుకుంటుంది. మాటలు లేకపోయినా ఎవరికీ లోటు తెలీదు."

ఇంకో పాటకి, "దీనికి మాటలే బరువు. తీసేస్తే హాయిగా ఉంది చూడు," అన్నాడు.

చివరికి ఏడు పోయాయి. ఐదు మిగిలాయి.

ఆమెకి నవ్వొచ్చింది. "అయితే ఈ ఐదింటికీ మాటలు రాసినవాళ్లంతా దండగన్నమాట!"

ముసలాయన పగలబడి నవ్వాడు. "దండగే అనుకో తల్లీ."

మనవరాలి గిటారు భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. ఆయన పేరైనా ఆమె అడగలేదు.

శనివారం హోటల్లో మొదటి పాట సగంలో ఉండగానే ఒక బల్ల దగ్గర చెంచాలు ఆగాయి. రెండో పాటకి మూలన ఒకావిడ పెదవులు కదిపింది. ఐదో పాట వచ్చేసరికి సగం హాలు శబ్దం లేకుండా పాడుకుంటోంది. మాటలు ఎవరూ మర్చిపోలేదు.

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

"సోమవారం సాయంత్రం నుంచి వచ్చేయండి," అన్నాడు మేనేజరు. "భలే ఏరారండీ! ఎవరు చెప్పారు?"

"నేనే ఏరుకున్నానండీ."

నోరు జారాక సిగ్గేసింది. కానీ మాట వెనక్కి తీసుకోలేదు.

సోమవారం పొద్దున్నే షాపుకి వెళ్లింది.

"ఆ తాతగారి అడ్రసు ఉందా? ఉద్యోగం వచ్చిందని చెప్పాలి. ఆయన దయే అని కూడా చెప్పాలి."

షాపాయన ఆ రోజు పేపరు ఆమె ముందుకి జరిపాడు. "నిన్న నిద్రలోనే పోయారటమ్మా. నాకూ ఇది చూశాకే తెలిసింది."

ఫొటోలో అదే నవ్వు. కింద ఆయన పాటల పట్టీ, పేపర్లో పావు వంతు.

ఆమె నోట్‌బుక్కు తీసి పక్కన పెట్టుకుంది. ఒక్కో పాట మీద వేలు పెట్టి చూసుకుంటూ వచ్చింది.

కొట్టేయమన్న ఏడింట్లో ఒక్కటీ ఆ పట్టీలో లేదు. ఉంచమన్న ఐదింటికీ మాటలు రాసిన ఆ దండగమనిషి ఆయనే.